వక్కాకు పెట్టెలో రాణి

ఆ పొద్దున దేవరాజులు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం తిరుత్తణి నుంచి వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరు ద్వారకనాథ్ వచ్చేదాకా ఒక ఈగను బతికించాలి, అంతే. అతని తేనెపెట్టెలో రాణి ఈగ చచ్చిపోయి మిగతావి దిక్కులేనివయ్యాయి. తిరువాలంగాడులో స్నేహితుడి పెట్టె తెరిచి, అన్నిటికన్నా బలిసిన నల్లటి ఈగను రాణిగా తనే ఏరాడు. దాని సేవకు కొన్ని పని ఈగలనూ తిండికి చక్కెర ముద్దనూ జతచేసి, రేకు మూత ఉన్న అగ్గిపెట్టెంత తీగజాలి గూట్లో పెట్టి, రైల్లో గుండెకు హత్తుకుని తెచ్చాడు. ఇల్లరికం వచ్చినవాడు తనకూ ఒక విద్య ఉందని చూపించుకోవాలి కదా పాపం! ఈసారి పెట్టె నిలవకపోతే అల్లుణ్ణి ఊత్తుకోట దగ్గరి వేరుశనగ చేలకు కావలి పంపుతానని మామ కోదండరామ నాయుడు తేల్చేశాడు.

గూటిని నడవ దూలానికి వేలాడగట్టి, ఎండ తగలకూడదు, చలి తగలకూడదు, చీమ పాకకూడదు, పొగ సోకకూడదు అని అత్త వజ్రమ్మకూ భార్య అలమేలుకూ పాఠం చెప్పి, ఆ శ్రమకు అలిసి దేవరాజులు కునుకు తీశాడు.

చిక్కంతా అక్కడే మొదలైంది. వడగాలి కొడుతోందని వజ్రమ్మ గూటి మీద తడిగుడ్డ కప్పింది. ఆ తడి చూసి అలమేలు, రాణికి పడిశం పడుతుందని గూటిని తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టింది. పొగ సోకుతుందని వజ్రమ్మ వచ్చి, ఉడుకుతున్న అన్నం సంగతి కూడా చూడకుండా పొయ్యి ఆర్పేసింది. ఇంతలో చక్కెరకు చీమలు పట్టాయి. పొగాకు ఘాటుకు చీమ రాదు కదా అని వజ్రమ్మ గూటిని దులిపి మొగుడి వక్కాకు పెట్టెలో దాచి, ఆ మాట ఎవరికీ చెప్పకుండానే మజ్జిగ కోసం పక్కింటికి పోయింది.

దేవరాజులు లేచేసరికి దూలానికి తాడు మాత్రం వేలాడుతోంది.

"రాణి యాడ?"

"పొయ్యికాడ పెట్టినానే," అంది అలమేలు.

పొయ్యి దగ్గర లేదు. ఇద్దరూ కలిసి ఉట్టి దించారు, బియ్యం తొట్టి బోర్లించారు. సరిగ్గా అప్పుడే, పొద్దు వాలుతుండగా, నాయుడు చేను నుంచి ఆకలితో వచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది, అన్నం పలుకుగా ఉంది, నడిమింట్లో బియ్యం రాశి ఉంది. ఎవర్ని అడిగినా రాణి అంటున్నారు. ఏమీ పాలుపోక వక్క వేసుకుందామని పెట్టె తెరిచి, అందులోది భార్య కొన్న కొత్త సున్నపు డబ్బీ అనుకుని మూత లాగాడు. పని ఈగ ఒకటి వచ్చి బొటనవేలు కుట్టింది. దేవరాజులు ఒక్క దూకున వచ్చి మూత మూశాడు.

"మామా, రాణికేం కాలేదు గదా?"

అంతలో ద్వారకనాథ్ గుమ్మంలోకి వచ్చాడు. ముందు తేనెపెట్టె తెరిచి చూసి, ఈగలు సొంతంగానే కొత్త రాణిని పెంచుకున్నాయని, ఇక పెట్టెకు ఢోకా లేదని చెప్పాడు. దేవరాజులు ఆనందానికి అంతు లేదు. ఆ తర్వాత డిమాన్‌స్ట్రేటరు గూటిని వెలుతురుకు ఎత్తాడు.

"ఇది రాణి గాదు. పోతుటీగ, మగది."

నాయుడు వాచిన వేలికి సున్నం రాసుకుంటూ, అది చేసే పనేమిటని నెమ్మదిగా అడిగాడు.

"పెండ్లికి తప్ప దేనికీ పనికిరాదయ్యా. కూసోని తింటాది. తేనె కరువైతే పని ఈగలే దాన్ని బయటికి గెంటేస్తాయి."

నాయుడు అల్లుడివైపు చూడనైనా చూడలేదు. మజ్జిగతో తిరిగొచ్చిన వజ్రమ్మ మళ్ళీ పొయ్యి రాజేసి అందరికీ ఆకులు వేసింది.

ఆ పూట దేవరాజులు మారు వడ్డించమనలేదు.