బజారుకు కొత్త మొహం

ప్రజల్ని అడక్కుండా పనులు చేసే అధికారులంటే నాకు ఒళ్లుమంట. అడిగి, శ్రద్ధగా రాసుకుని, నమస్కారం పెట్టి, ఆ తర్వాత తాము చేయదలచుకున్నదే చేసేవాళ్లంటే మాత్రం ప్రాణం! వాళ్ల ఓపిక ముందు మనమెంత?

నమ్మరా? మా సంగతి వినండి.

మా నగరం నడిబొడ్డున ఉన్న పాత బజారుకు కొత్త కళ తేవాలని మున్సిపాలిటీ వారికి తోచింది. తోచిందే తడవుగా గునపాలు పట్టుకుని దిగిపోలేదు. ముందు మమ్మల్ని పిలిచి సభ పెట్టారు. ఏసీ హాలు, బిస్కెట్లు, కూర్చుంటే లోపలికి దిగబడే కుర్చీలు! మా బజారు జనం ఏనాడైనా అంత మెత్తగా కూర్చున్నారా? సగం అభివృద్ధి అక్కడే జరిగిపోయింది.

నన్ను వెంటబెట్టుకెళ్లింది మా పిన్ని. బజారు మధ్యలో ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు ఆమెది. పిన్నికి ఉన్న కోరిక ఒక్కటే. అంత బజారులోనూ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. షాపుల్లో పనిచేసే ఆడవాళ్లంతా పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టకుండా గడిపి, సాయంత్రం ఇంటికి పరుగెడతారు. పిన్నికైతే కిడ్నీలో రాయి చేరిందని, రోజంతా నీళ్లు తాగాలని ఆ మధ్య డాక్టరు గట్టిగా చెప్పాడు.

“తాగుతానయ్యా. తాగాక ఎక్కడికెళ్లాలో అది కూడా చీటీలో రాసివ్వు” అని వచ్చేసింది పిన్ని.

సభ నడిపింది ఒక కన్సల్టెంటు. ఎంత మర్యాదస్తుడో! మాకు తలా ఒక రంగుకాగితం ఇచ్చి, “బజారు గురించి మీ కలలు చెప్పండి” అన్నాడు. చెప్పుల షాపాయన లేచాడు.

“కలలెందుకు బాబూ? కాలవ పూడిపోయింది. వానొస్తే నా షాపులో చెప్పులు వాటంతటవే నడిచెళ్లిపోతున్నాయ్!”

కన్సల్టెంటు కళ్లు మెరిశాయి. ‘నడకకు అనువైన బజారు’ అని రాసి గోడకు అంటించాడు.

తర్వాత పిన్ని లేచింది. “మాకు మరుగుదొడ్డి కావాలి. నీళ్లు వచ్చేది.”

“అద్భుతం మేడమ్! నీటితో అనుబంధం కోరుకుంటున్నారన్నమాట!”

అది కూడా గోడెక్కింది. మన నోటి నుంచి వచ్చిన మామూలు మాట ఇంకొకరి చేతిలో పడి అంత అందంగా మారిపోతుంటే చూసే భాగ్యం ఎందరికి దక్కుతుంది చెప్పండి?

దీపస్తంభాలు ఆకుపచ్చగా ఉండాలా, బూడిదరంగులో ఉండాలా అని ఆ తర్వాత ఓటింగు పెట్టారు. ఆకుపచ్చ గెలిచింది. బూడిదరంగు స్తంభాలు ముందే వచ్చేశాయని చెప్పి, మా ఉత్సాహానికి చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

ఈలోగా పిన్ని, హాలు వెనకాల మరుగుదొడ్డి ఉందని కనిపెట్టి వెళ్లొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె మొహం చూడాలి! ఎంత నిశ్చింత, ఎంత వెలుగు! సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు క్లిక్ మనిపించాడు.

పనులు మొదలయ్యాయి. దుమ్ము కనపడకుండా షాపుల ముందు పొడవాటి ఫ్లెక్సీ కట్టారు. దాని మీద మేడంత ఎత్తున మా పిన్ని మొహం! నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: ‘మేం అడిగాం, వాళ్లు విన్నారు!’

షాపు గుమ్మం సరిగ్గా ఆ నవ్వు వెనకాల పడింది. అలవాటుగా వచ్చేవాళ్లు పిన్ని బొమ్మను చూసి మురిసిపోయి, పిన్ని షాపు కనబడక వెనక్కి వెళ్లిపోయేవాళ్లు. ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదన్నారు. మళ్లీ చేసింది. విలువ తగ్గలేదు.

మర్నాడు పిన్ని ఫ్లెక్సీ ముందు నిలబడి, తన బొమ్మను పైనుంచి కిందదాకా ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్లి పెద్ద కత్తెర తెచ్చింది. జాకెట్టు గుడ్డ కత్తిరించినంత శుభ్రంగా, తన గడ్డం కింద నుంచి నేలదాకా తలుపులా కోసేసింది.

పనుల మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. “ఏంటమ్మా ఇది? గవర్నమెంటు సొమ్ము! ఇందులో ఉన్నావిడ ఎవరనుకున్నావ్?”

పిన్ని ఆ బొమ్మ పక్కన నిలబడింది. “సరిగ్గా చూడు నాయనా.”

అతను చూశాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. “ఆవిడ నవ్వుతోంది కదమ్మా!” అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పనులు పూర్తయ్యాయి. ఫ్లెక్సీ తీసేశారు. చెప్పుల షాపు ముందు నడవడానికి నున్నటి రాళ్లు పరిచారు. కాలవ వాటి కింద క్షేమంగా పూడి ఉంది. పిన్ని షాపుకు ఎదురుగా, నీటితో మా అనుబంధానికి గుర్తుగా, పెద్ద ఫౌంటెను! పొద్దున్నుంచి రాత్రిదాకా గలగలమంటూ ఉంటుంది. చూడ్డానికి జనం విరగబడుతున్నారు.

ఇంత అడిగి చేసిన ఊరు ఇంకెక్కడైనా ఉందా? గర్వంతో మొన్న షాపుకెళ్లాను. పిన్ని కిటికీ మూసేసి, మిషను గోడవైపు తిప్పుకుని కుడుతోంది.

“అదేంటి పిన్నీ, ఎదురుగా అంత అందం పెట్టుకుని ఇటు తిరిగి కూర్చున్నావ్?”

“నీకేం, ఎన్నయినా చెప్తావ్. పొద్దస్తమానం ఆ నీళ్ల చప్పుడు వింటూ ఎంతసేపు బిగబట్టుకోమంటావురా?”