కప్పుదాటు రామకృష్ణయ్య

ఆ ఆదివారం పొద్దున రామకృష్ణయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కుళ్లాయప్ప టీ అంగడికి పోవాలి, ఒక కప్పు టీ తాగాలి, ఎవరూ పట్టించుకోనంత మెల్లగా ఒక మాట అనాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. ఆ తర్వాత దక్షిణాఫ్రికా ఆడపిల్లలు ఫైనల్లో మన ఆడపిల్లలను ఓడించి ప్రపంచకప్పు పట్టుకుపోవాలి. దేశద్రోహం ఆయన ఉద్దేశం కాదు. ఆయన బాధంతా గల్లాపెట్టె గురించి.

గార్లదిన్నెలో ఆయనది స్టీలు సామాన్ల అంగడి. వ్యాపారస్తుల ఇళ్ళలో 'లేదు' అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. రామకృష్ణయ్య వంశంలోనైతే 'లేదు' అనే మాటే లేదు. మరి అడిగినవాళ్ళను ఆపడమెలా? అందుకాయన ఆటలను ఆశ్రయించాడు. లోకంలో ఎప్పటికీ గెలవని జట్లను ఏరి, ఒక్కొక్కరి కోరికను ఒక్కొక్క జట్టు మెడకు కట్టేశాడు. అందరివీ కప్పదాటు మాటలైతే, ఆయనవి కప్పుదాటు మాటలు.

ప్రతి భోజనంలోనూ సగం సాంబారు తాగేసే ఆ మీసం తీసెయ్యమని భార్య ఈశ్వరమ్మ అడిగితే, "బెంగుళూరు జట్టు ఐపీఎల్ కప్పు కొట్టిన రోజు తీసేస్తా" అన్నాడు. తన వేరుశెనగ చేనుకు వాన కోసం కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి తనతో నడిచి రమ్మని కుళ్లాయప్ప అడిగితే, "దక్షిణాఫ్రికా ప్రపంచ కప్పు ఎత్తనీప్పా, చెప్పుల్లేకుండా నడుస్తా" అన్నాడు. డిగ్రీ చదివిన కూతురు అనుపమ, "గల్లా నాకియ్యి నాయనా, అంగడి నేను చూసుకుంటా" అన్నప్పుడు, "మన ఆడపిల్లలు క్రికెట్లో ప్రపంచకప్పు కొట్టిన మర్నాడు కూర్చో పాపా" అని తల నిమిరి పంపాడు. గల్లా ఇవ్వడమంటే ఆయనకు ప్రాణసంకటం. దాని వెనక కూర్చుంటే ఆయన శెట్టి, లేచి నిలబడితే ఉత్త ఐదడుగుల రామకృష్ణయ్య.

అలా హాయిగా ఏళ్ళు దాటిపోయేవి. కానీ రెండువేల ఇరవై ఐదుకు ఏం పిచ్చి పట్టిందో, ఓడడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళందరూ వృత్తి మార్చుకున్నారు. పారిస్ ఫుట్‌బాల్ జట్టు మొదటిసారి ఐరోపా కప్పు కొట్టిందని పేపర్లో చదివి, మనకెందుకులే అని పేజీ తిప్పాడు. ఆ పేజీ వెనకాలే బెంగుళూరు వచ్చింది. మీసం పోయింది. మీసంతోపాటు మొహంలో సగం మర్యాద కూడా పోయినట్టయింది.

పది పదకొండు రోజులకే దక్షిణాఫ్రికా టెస్టుల్లో ప్రపంచ విజేత అయింది. కుళ్లాయప్ప సంచీ సర్దుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"పద శెట్టీ."

"యాడికి? వాళ్ళకిచ్చింది ఏంది సూడు! అది కప్పు కాదు గదా!"

"అవును, గదే! గద ఇప్పించి పిలిచినాడంటే, స్వామి నిన్ను ఎంత గట్టిగా తలుచుకున్నాడో సూడు!"

రామకృష్ణయ్య చెప్పులు విప్పాడు. నడక కాస్తా నరకమై, కాళ్ళు బొబ్బలెక్కి, ఆయన మూలుగుతూ తిరిగొచ్చిన మర్నాడే గార్లదిన్నెలో వాన పడింది. దాంతో ఊరు తేల్చేసింది: శెట్టి ఏ జట్టుకు మాట కడితే ఆ జట్టుకు గెలుపు కట్టుబడి ఉంటుంది! రామకృష్ణయ్య మొదట నవ్వాడు. చదరంగం ప్రపంచకప్పు ఫైనల్లో ఇద్దరూ మన ఆడవాళ్ళే కూర్చున్నప్పుడు నవ్వు ఆగింది. క్రికెట్లో ఆడపిల్లలు ఫైనల్‌కొచ్చేసరికి ఆయనే ఊరికంటే గట్టిగా నమ్మాడు. నమ్మి, పథకం వేశాడు.

టీ అంగడిలో కప్పు అందుకుని, కప్పులోకే అన్నాడు. "ఈ పొద్దు దక్షిణాఫ్రికా గెలిస్తే ఊరందరికీ ఓళిగలు పెడతా."

అంగట్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. కుళ్లాయప్ప పాలగిన్నె దించేసి ముందుకొచ్చాడు.

"ఏమంటివి శెట్టీ? ఓళిగలకు మనోళ్ళను ఓడిస్తావా?"

"ఊరికే అన్నాలేప్పా!"

"నువ్వు ఊరికే అంటేనే గదా బెంగుళూరోళ్ళు గెలిచినారు! ఊరికే అంటేనే గదా వాన పడింది! నీ నోట్లో నా బుడ్డల పంట ఉండాది, దేశం గూడా ఉండాది. ఇప్పుడే మనోళ్ళ మీద ఇంకొక మాట గట్టు. దానికంటే పెద్దది!"

చుట్టూ మనుషులు మూగారు. మీసం లేని మొహంతో గంభీరంగా నిలబడడం కష్టం. "మనోళ్ళు గెలిస్తే పాపకు గల్లా ఇస్తానని ఎప్పుడో అన్నా కదప్పా" అని గొణిగాడు.

"అది పాత మాట. ఓళిగలతో కొట్టుకుపోయింది. గల్లా ఇయ్యడమే గాదు, ఆ యమ్మి కింద నువ్వే గుమాస్తాగా చేస్తానను!"

అన్నాడు. రామకృష్ణయ్యకు అలాగే అనక తప్పలేదు. గల్లా కోసం పోయిన మనిషి గుమాస్తాగిరీ కూడా మూటగట్టుకుని ఇంటికొచ్చాడు.

మధ్యాహ్నం టీవీ పెడితే ముంబైలో వాన. ఆట మొదలే కాలేదు. రామకృష్ణయ్య ప్రాణం లేచొచ్చింది. "మనకు పడాల్సిన వాన ఆడ పడతాంది సూడు" అని ఈశ్వరమ్మ ఏడ్చింది. పడనీ, పడనీ అని ఆయన లోలోపల చేతులెత్తి మొక్కాడు. వాన వెలిసింది.

మనవాళ్ళు బాగానే కొట్టారు. కానీ దక్షిణాఫ్రికా కెప్టెనమ్మ అంతకంటే మొండిది. పక్కన ఒక్కొక్కరే రాలిపోతున్నా తను కదలకుండా నూరు దాటింది. ఇంట్లోవాళ్ళు గోళ్ళు కొరుకుతుంటే రామకృష్ణయ్య మాత్రం దుప్పటి కప్పుకుని, ఆ పరాయి పిల్లను కడుపులో పెట్టుకుని కాపాడుకుంటున్నాడు. ఈ తల్లి ఉన్నంతవరకు గల్లా తనదే.

అప్పుడు ఆమె కొట్టిన బంతి గాలిలోకి లేచింది. మన పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చి చేతులు చాచింది. బంతి చేతుల్లో పడి జారింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ జారింది.

"పట్టుకో తల్లీ! వదలొద్దు! పట్టుకో!"

గదిలో ఎవరో గావుకేక పెట్టారు. బంతి మూడోసారికి చిక్కింది. దుప్పటి ఫ్యానుకు తగులుకుంది. నడిగదిలో, రెండు చేతులూ దోసిలి పట్టి, కళ్ళనిండా నీళ్ళతో నిలబడి ఉన్నది రామకృష్ణయ్యే.

అనుపమ ఆయననే చూస్తోంది. "నాయనా, ఆ యమ్మి అవుటయితే నీ గల్లా పోతాది, తెలుసునా?"

"పోనీలే పాపా! ఆ బిడ్డ ఎట్ల పట్టింది సూడు! జారితే వదిలిందా? జారితే వదిలిందా?" అంటూ ఆయన ముక్కు చీదుకున్నాడు.

కప్పు మనదైంది. తెల్లారి రామకృష్ణయ్య స్నానం చేసి, కొత్త పంచె కట్టి, కనబడిన ప్రతి గడపా ఎక్కాడు. "ఈ పొద్దు నుంచి అంగడి మా పాపదే. మీసం తీసినాక నాకు మొహమే చెల్లలేదుగానీ, ఇప్పుడు సూడండి, మొహమంతా వెలుగే!" అని చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పి, కుళ్లాయప్ప చేత అందరికీ టీ పోయించి, ఎండ నడినెత్తి మీదికొచ్చాక అంగడికి చేరాడు.

అనుపమ గల్లా వెనక నుంచి తలెత్తింది.

"గుమాస్తా వచ్చే పొద్దా ఇది?"

"నీ గురించే పాపా, ఊరందరికీ చెప్పొస్తాండా..."

"సంతోషం నాయనా. ఆ చెంబులన్నీ దించి తుడువు."

ఆ రోజు రామకృష్ణయ్యకు అరపూట జీతం కోత పడింది.