మాబున్ని చెప్పిన ‘ఆఁ’

ఆంధ్ర రాష్ట్రం అవతరించడంతో, అంతవరకూ దిక్కూమొక్కూ లేకుండా గాలిలో తిరుగుతున్న శబ్దానికి కూడా ఒక శాఖ ఏర్పడింది. కర్నూలులో ఆ శాఖ ఉండేది డేరాలోనే అయినా నియమాలు మాత్రం పక్కా కట్టడాలు. ఇకమీదట ఎవరి ఇంట్లోనైనా కొత్తగా పెట్టిన స్పీకరు గానీ హెడ్‌ఫోను గానీ మోగాలంటే గృహశబ్ద పరీక్షకుడు వచ్చి, విని, బాగుందని ఒప్పుకోవాలి. (ఒప్పుకోనంతవరకూ మోగినది శబ్దం కాదు, నేరం.)

ప్రొద్దుటూరులో మా పక్కింట్లో పరుపులు కుట్టే లాల్ బాషాకు ఈ సంగతి తెలియదు. అతని తల్లి మాబున్నికి చెవుడు. తమ్ముడు జమాల్ సన్నాయి వాయిస్తాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం బెజవాడ రేడియోలో అతని కచేరీ. కొడుకు సన్నాయి రేడియోలో వినాలని ఆమె కోరిక. రేడియో ఎంత పెద్దగా పెట్టినా వీధికంతా వినబడేది, ఆమెకు తప్ప. అందుకని లాల్ బాషా బళ్ళారిలో మిలిటరీ సామాన్ల వేలానికి పోయి ఒక హెడ్‌ఫోను తెచ్చి తగిలించాడు. చెవులకు పెట్టగానే మాబున్ని ఉలిక్కిపడింది.

"ఎవురో దగ్గినార్రా!" అని ఏడ్చినంత పని చేసింది. వార్తలు చదివే ఆయన దగ్గు అది.

సంతోషం పట్టలేక లాల్ బాషా ఆ మాట నలుగురికీ చెప్పాడు. ఆ నలుగురిలో శాఖ కూడా ఉంది.

బుధవారం జమ్మలమడుగు నుంచి పరీక్షకుడు ఆదినారాయణ దిగాడు. మర్యాదస్తుడు. చెప్పులు గడప బయటే విడిచి నియమాలు మాత్రం లోపలికి తెచ్చాడు. వాటి ప్రకారం పరీక్ష జరిగేటప్పుడు హెడ్‌ఫోను పరీక్షకుడి చెవులకే ఉండాలి. జవాబు మాత్రం వాడుకునే మనిషి చెప్పాలి. జవాబులు రెండే: ‘ఆఁ’, ‘లే’.

ఆదినారాయణ హెడ్‌ఫోను తగిలించుకుని గట్టిగా అడిగాడు.

"అవ్వా, బాగా వినబడ్తాందా?"

"ఆఁ?" అంది మాబున్ని.

"శబ్దం స్పష్టంగా ఉందా?"

"ఆఁ?"

"మామూలుగా గూడా చెవులు బాగనే పనిచేస్తాండాయా?"

"ఆఁ?"

ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఆయన ‘ఆఁ’ అని రాసుకున్నాడు. (ఎట్లా అన్నదో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.)

లాల్ బాషా గాబరాపడి ఆయన చెవి మీది డిప్ప పక్కకు జరిపాడు. "సార్, ఆమె జవాబు చెప్పలే సార్! ఏందని అడుగుతాంది!"

"అడిగేది నేనప్పా. అవ్వకు అడిగే అధికారం యాడిది? అధికారం లేనామె అన్నది ప్రశ్న ఎట్లయితాది? జవాబే."

"ఆమెకు చెవుడు సార్!"

"చెవుడుండే ఆమె అన్నిటికీ టక్కున ఎట్ల జవాబు చెప్పిందప్పా?"

లాల్ బాషా ఆ డిప్పను మళ్ళీ ఆయన చెవి మీదికే జరిపాడు.

శుక్రవారానికే ఉత్తర్వు వచ్చింది. (ఇంత చురుకైన శాఖను నేను ఇంకెక్కడా చూడలేదు.) హెడ్‌ఫోను నాణ్యత ఉత్తమం. వాడుకునే మనిషి వినికిడి ఉత్తమం. ఉత్తమమైన చెవులకు హెడ్‌ఫోను విలాసం, కనుక స్వాధీనం చేసుకోవలెను. సాయంత్రం ఆదినారాయణ స్వయంగా వచ్చి దాన్ని రేడియో నుంచి ఊడదీసి, గీతలు పడకుండా గుడ్డలో చుట్టుకున్నాడు. అంతలో జమాల్ సన్నాయి మొదలైంది. కళాభిమాని గనుక ఆయన కచేరీ అయ్యేదాకా కూర్చున్నాడు. వీధి వీధంతా విన్నది. మాబున్ని రేడియో పెట్టె మీద అరచెయ్యి పెట్టి, అందరి ముఖాలూ చూస్తూ కూర్చుంది. ఆయన ఒళ్ళో ఉన్న ఆ మూటను చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

కచేరీ ముగిశాక ఆదినారాయణ కళ్ళు తుడుచుకుని ఆప్యాయంగా అడిగాడు.

"కొడుకు శానా బాగా వాయించినాడు గదా అవ్వా?"

"ఆఁ?"

ఆయన అదీ రాసుకున్నాడు.