కనిగిరి కొండమీద ఏడు సంతకాలు

ఆదివారం మొదటి బస్సుకి కనిగిరి వెళ్లాలి. ఎనిమిదింటికల్లా కొండెక్కి ఓ ఖాళీ డబ్బా రాయి కింద పెట్టాలి. దిగి ఇడ్లీ తిని, పదింటికి కాలేజీ పిల్లలతో మళ్లీ ఎక్కి, అదే డబ్బాను అందరి ముందూ కనిపెట్టాలి. అద్దంకిలో నెట్ సెంటర్ నడిపే శివనాగరాజు వేసుకున్న పథకం ఇది. అందులో అన్నీ ఉన్నాయి, సిగ్గు తప్ప.

"ఓ డబ్బా ఇవ్వవే," అన్నాడు భార్యతో.

"స్టీలుది ఇవ్వను," అంది సౌజన్య. "ఆగస్టులోనే ఆ కొండెక్కి డబ్బా కనిపెట్టానని పేపర్లో ఫోటో వేయించుకున్నారుగా? మళ్లీ డబ్బా దేనికి?"

"నీకు తెలీదులే."

"నాకు తెలిసిందల్లా ఆగస్టంతా మీరు ఆ కుర్చీలోంచి లేవలేదని." పండుమిరపకాయ పచ్చడి అయిపోయిన ప్లాస్టిక్ డబ్బా కడిగి అతని చేతిలో పెట్టింది. ఎంత కడిగినా ఘాటు పోలేదు.

ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, నెట్‌లో కొందరికి ఓ ఆట పట్టుకుంది. ఒకరు డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు, నాలుగు గుర్తులు నెట్‌లో రాస్తారు. వెతికి పట్టుకున్నవాళ్లు పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను మళ్లీ అక్కడే దాచి, 'దొరికింది' అని నెట్‌లో రాస్తారు. రాసినవాడు నిజంగా వెళ్లాడా లేదా అని ఎవరూ అడగరు. మర్యాదస్తుల కోసం పెట్టిన ఆట అది. శివనాగరాజు దాన్ని తన కోసమే పెట్టారనుకున్నాడు. కనిగిరి కొండమీద డబ్బా ఉందని ఎవరో రాసిన నాలుగో రోజునే, ఆగస్టు పదహారున, 'దొరికింది. డబ్బా భేషుగ్గా ఉంది' అని కుర్చీలోంచే రాసేశాడు. అది చూసి ఇంకో ఆరుగురు రాశారు. ఒకడు ఎక్కని కొండ ఇంకొకడు ఎక్కడానికి కష్టమేముంది?

నిజంగా ఎక్కింది ఫర్హానా ఒక్కతే. కనిగిరి జూనియర్ కాలేజీలో బాటనీ లెక్చరర్. మూడు ఆదివారాలు ఎక్కి, రాళ్లన్నీ తడిమి, మోచేతులు గీరుకుపోయి, మూడుసార్లూ 'దొరకలేదు' అని రాసింది. దాని కింద శివనాగరాజు, 'మేడమ్ గారికి కళ్లజోడు అవసరం' అని రాశాడు. ఆరుగురూ నవ్వారు. ఆఖరికి ప్రిన్సిపాల్ కూడా, "నిజంగా కొండెక్కావా అమ్మా? ఏడుగురికి దొరికింది నీకెందుకు దొరకదు?" అని అడిగాడు. ఆ మాట ఫర్హానాకి గుచ్చుకుంది. ఇంటికెళ్లి ఏడ్చి, మర్నాడు శివనాగరాజుకి ఫోన్ చేసింది.

"సర్, మా పిల్లలకి మీరే చూపించండి. ప్రిన్సిపాల్ గారు శాలువా కూడా కప్పుతారు."

శాలువా అన్నాక కాదనే మనిషి కాదు అతను. ఆమెకే దొరకని డబ్బా తనకి దొరుకుతుందన్న నమ్మకం లేక, పచ్చడి డబ్బాతో బయల్దేరాడు.

కొండ సగం ఎక్కేసరికే శివనాగరాజు నాలుక బయటికొచ్చింది. ఎదురుగా ఓ పెద్దాయన ఖాళీ సంచితో, మోకాలు పట్టుకుని దిగుతున్నాడు.

"పొద్దున్నే ఎక్కడికి బాబూ?"

"వాకింగండీ. మీరు?"

"నేనూ వాకింగే."

వీధి చివరిదాకా నడిచిన మొహాలు కావు రెండూ. ఒకరి సంచి ఒకరు చూసుకుని, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

మూడో మలుపు, కూలిన గోడ, ఎడమవైపు రెండో బండ. నెట్‌లో చెప్పిన గుర్తులు అవే. శివనాగరాజు బండ కింద చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాడు. అక్కడ నిజంగానే డబ్బా ఉంది! తళతళలాడే స్టీలు డబ్బా. లోపల పుస్తకం, పెన్ను. పుస్తకంలో ఒక్క సంతకం లేదు.

"ఆరుగురికి ఆరుగురూ దొంగలే!" అన్నాడు పైకే. లోకంలో నిజాయితీ ఇంతగా చచ్చిపోయిందా అని నిజంగా బాధపడ్డాడు. తర్వాత ఆగస్టు పదహారు తేదీ వేసి తన సంతకం చేశాడు. మొదటివాడి కింద ఖాళీ ఉంటే బాగుండదని, జేబులోని మూడు పెన్నులూ మార్చి మార్చి మిగతా ఆరుగురికీ తనే చేసి పెట్టాడు. పచ్చడి డబ్బాను సంచి అడుక్కి తోసి, కులాసాగా దిగాడు.

పదింటికి నలభైమంది పిల్లలు, ప్రిన్సిపాల్, ఫర్హానా బండ చుట్టూ నిలబడ్డారు. పొద్దున్నటి పెద్దాయన కూడా రొప్పుతూ వచ్చాడు.

"ఈయన చెంచురామయ్య గారు. సర్వే ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఈ డబ్బా పెట్టింది ఈయనే. ఇవాళ రమ్మని నేనే పిలిచాను," అని చెప్పింది ఫర్హానా. శివనాగరాజు దణ్ణం పెట్టాడు. ఆయన పెట్టలేదు.

ప్రిన్సిపాల్ శాలువా కప్పాడు. శివనాగరాజు డబ్బా తీసి పైకెత్తాడు. చప్పట్లు.

"చూశారా మేడమ్? వెతకడం రావాలి. ఇదిగో, ఆగస్టు పదహారున నా సంతకం. ఈ డబ్బాలోనే, ఈ చేత్తోనే."

ఫర్హానా పుస్తకం చూసింది. ఏడు సంతకాలూ ఉన్నాయి. ఆమె మొహం పాలిపోయింది. ప్రిన్సిపాల్ ఆమె వంక చూసి తల ఊపాడు. ఇంక చెయ్యడానికేం లేక ఆమె డబ్బాకి మూత పెట్టింది. మూత మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టించి ఉన్నాయి. మన ఇళ్లలో పేరు లేని స్టీలు సామాను ఎక్కడుంటుంది? పైకే చదివింది.

"చెంచురామయ్య గారి పదవీ విరమణ సందర్భముగా, ఆఫీసు మిత్రుల కానుక. ముప్పై ఒకటి, పది, రెండువేల ఆరు."

"అంటే అక్టోబరు," అంది ముందు వరసలో ఓ అమ్మాయి.

"డబ్బా తర్వాత మార్చారు!" అన్నాడు శివనాగరాజు గబగబా. "పుస్తకం పాతదే. కదండీ మాస్టారూ?"

ఊరుకుంటే చెంచురామయ్య పరువు కూడా దక్కేది. కానీ నాలుగు నెలలుగా దిగమింగుకున్న కోపం ఆయనకి ఆగలేదు.

"ఏమయ్యా, ఏం మార్చాను? నువ్వు దొరికిందని రాసిన రోజున ఈ కొండమీద డబ్బానే లేదు! పెట్టందే నీకెలా దొరికింది? ఇవాళ పొద్దున కదయ్యా నేను పెట్టింది!"

అన్నాక గానీ తనేం అన్నాడో ఆయనకి తెలియలేదు. అందరూ ఆయన వైపు తిరిగారు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు ఫర్హానాతో, గొంతు తగ్గించి. "మోకాలు సహకరించక, తర్వాత పెడదాంలే అని ముందే రాసేశాను. ఇతనిది అబద్ధమని చెబుదామంటే నాదీ బయటపడుతుంది. నువ్వు మూడుసార్లు ఎక్కావని చదివాక నాకు అన్నం సయించలేదు."

"మూడుసార్లు కాదండీ," అంది ఫర్హానా. "ఇవాళ్టితో నాలుగు."

ప్రిన్సిపాల్ క్షమాపణ చెప్పలేదు. ఆ అలవాటు ఆయనకి లేదు. శివనాగరాజు భుజాల మీది శాలువా లాగి ఫర్హానాకి కప్పాడు. పిల్లలు ఈసారి కొట్టిన చప్పట్లు కొండ కిందికి వినిపించాయి. శివనాగరాజు పచ్చడి ఘాటు కొడుతున్న సంచితో ఒక్కడే దిగిపోయాడు.

పుస్తకం ఎలాగూ పాడైంది కనక ఫర్హానా డబ్బాను ఇంటికి తెచ్చుకుంది. జరిగింది జరిగినట్టు నెట్‌లో రాసి, కొత్త పుస్తకం కొనేదాకా డబ్బా తన ఇంట్లో బీరువాలో ఉంటుందని కూడా రాసింది.

సాయంత్రానికి దాని కింద ఇద్దరు కొత్తవాళ్లు రాశారు: డబ్బా కొండమీదే దొరికిందట, చాలా చక్కగా దాచారట.