ఆవిరి ఆఫీసరుగారి పెళ్లి కారు

మానవ నాగరికతలో రెండే యుగాలున్నాయి: పెట్రోలు వాసన ఊరందరి సొత్తుగా ఉన్న యుగం, దానికీ ఒక ఆఫీసు ఏర్పడిన యుగం. మా జిగోంగ్ పట్టణం రెండో యుగంలోకి నాలుగేళ్ల కిందట అడుగుపెట్టింది.

పూర్వం ట్యాంకులో పెట్రోలు పోస్తుంటే లోపలి ఆవిరి బయటికొచ్చి, ఏ అనుమతీ లేకుండా మన ముక్కుల్లో దూరేది. ఇప్పుడు అది ఒక గొట్టం గుండా కారు కింద ఆవిరిని పట్టి ఉంచే బొగ్గుపెట్టెలోకి వెళ్లి బుద్ధిగా కూర్చుంటుంది. బండి నడిచేటప్పుడు ఇంజను దాన్ని పీల్చి కాల్చేస్తుంది. చక్కటి ఏర్పాటు. (చక్కటిది కనకనే, వాసన లేదని ధ్రువీకరించడానికి పదకొండు మందితో ఆవిరి సమన్వయ కార్యాలయం పెట్టారు.)

అందులో మూడో శ్రేణి ఘ్రాణాధికారి మా మేనల్లుడు షౌయీ. పద్నాలుగో నియమం వాడు స్వయంగా రాసిందే. నాజిల్ 'టక్'మని దానంతటది ఆగాక చుక్క కూడా పోయరాదు. పోస్తే పెట్రోలే బొగ్గుపెట్టెలోకి ఎక్కుతుంది. అలా తడిసిన బండిని ఘ్రాణాధికారి వాసన చూసి సంతకం పెట్టేదాకా కదిలించరాదు.

మొన్న శనివారం వాడి పెళ్లి. ముహూర్తం ప్రకారం తొమ్మిది యాభై ఎనిమిదికల్లా పెళ్లికూతురు యున్‌ఫాంగ్ ఇంటి తలుపు తట్టాలి. ఒక్క నిమిషం దాటినా తియ్యనని వాళ్లమ్మ తేల్చి చెప్పింది. (ఆవిడకు ఆఫీసు లేదు, అయినా మాటంటే మాటే.) ఎర్రపువ్వు కట్టిన కారులో షౌయీని ఎక్కించుకుని, నేనే నడుపుతూ, తొమ్మిదింపావుకి బంకులో ఆపాను.

నాజిల్ టక్‌మంది.

"ఇంకాస్త పొయ్యమ్మా తాన్," అన్నాను పెట్రోలు కొట్టే ఆవిడతో. "పెళ్లికారు. వెలితి ఉండకూడదు."

"అయ్యో పెద్దాయనా, ఆవిరికి చోటుండాలి కదా! బోర్డు చూళ్లేదా?"

"బోర్డు రాసినవాడే ఇక్కడున్నాడు, అడుగు!"

షౌయీ కిందికి దిగి టై సర్దుకున్నాడు. "ఇవాళ నేను సెలవులో ఉన్నానక్కా. పోసెయ్యి, శుభమా అని!"

మరో మూడు టక్కులు పడ్డాయి. ఇంకొంచెం పడుతుందని నేను బండిని కుదిపాను కూడా. ఆఖరి చుక్కలు అంచు దాటి షౌయీ కొత్త బూటు మీద పడ్డాయి.

కారు స్టార్టు కాలేదు. కుయ్యి కుయ్యిమని మూలిగింది.

"పెట్టె నిండా తాగించారుగా! ఎట్లా కదులుతుంది? చెబితే వింటేనా!" అంది తాన్.

యాక్సిలరేటరు తొక్కగా తొక్కగా ఇంజను అందుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే తాన్ కారు ముందు ఎర్ర కోను పెట్టింది.

"పద్నాలుగో నియమం. సంతకం కావాలి."

"ఎదురుగా ఉన్నాడు గదమ్మా!"

"సెలవని ఆయనే అన్నాడుగా."

షౌయీ ఆ రోజు తన బదులు పనిచేస్తున్న అధికారికి ఫోను చేశాడు. ఆయనకు జలుబట. వాసనలు తెలియడం లేదట, తగ్గాక వస్తానన్నాడు. అప్పటికి తొమ్మిదీ నలభై.

"మామయ్యా, నా కొంప ముంచావు!" అని షౌయీ తల పట్టుకున్నాడు. నిజంగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తాన్ కారు మీది పువ్వు విప్పి తన బ్యాటరీ స్కూటరుకు కట్టింది. "దీనికి ఆవిరీ లేదు, ఆఫీసూ లేదు. ఎక్కు బాబూ, ఎక్కు!"

తొమ్మిది యాభై ఏడుకు వాడు తలుపు తట్టాడు. అత్తగారు తలుపు తీసి ముక్కు చిట్లించింది.

"ఏంటయ్యా అల్లుడూ, ఈ పెట్రోలు కంపు?"

(నాలుగేళ్లలో ఊళ్లో వాసన మీద వచ్చిన మొదటి ఫిర్యాదు అది. తీసుకోవాల్సిన అధికారి సెలవులో ఉన్నాడు.) యున్‌ఫాంగ్ పకపకా నవ్వి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. పెళ్లి దివ్యంగా జరిగింది.

బుధవారం కార్యాలయం నుంచి కబురొచ్చింది. ఆ వారం మొత్తంలో పట్టణం గాలిలోకి అతి తక్కువ ఆవిరి వదిలిన ఆదర్శ వాహనంగా మా కారును ఎంపిక చేశారట. ప్రశంసాపత్రం కోసం బస్సులో వెళ్లాను. కారు ఇంకా బంకులోనే, సంతకం కోసం చూస్తోంది.