మూసేసిన బగ్గు, ఆగిపోయిన లిఫ్టు

ఈ కథలో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. ఉప్పు లేని కూరైనా తింటాను గానీ, జరిగినదానికి రవ్వంత కలపడం నా వల్ల కాదు. అందుకే మంత్రిగారి ప్రకటనను ఉన్నదున్నట్టు అప్పగిస్తున్నాను: "ఆసుపత్రుల లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో వారం తిరిగేసరికి ఒక్క బగ్గు కూడా ఉండదు. ఉండడానికి నేను ఒప్పుకోను!"

అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, తప్పు కనబడితే ఎవరైనా వెబ్‌సైట్‌లో నమోదు చేయొచ్చు. అలా వచ్చిన బగ్గుల్లో నిజమైనదేది, పాతదేది, ఒకరు చెప్పిందే ఇంకొకరు చెప్పినదేది అని ఏరిపెట్టే పని ఒక లెక్కల టీచరమ్మది. జీతం లేదు, బత్తెం లేదు. బియ్యంలో రాళ్ళేరినట్టు సాయంత్రాలు కూర్చుని ఏరేది. అందరికీ ఆవిడ బగ్గులక్క.

వెబ్‌సైట్ నడిచే సర్వర్ మాత్రం మంత్రిగారి శాఖది. మర్నాడే ఆయన అక్కను పిలిపించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"ఇన్ని తెరిచి ఉన్నాయేంటమ్మా?"

"అవింకా సరిచేయలేదు సార్."

"మూసే బటన్ లేదా?"

"ఉంది సార్. సరిచేశాక నొక్కాలి."

"ముందే నొక్కితే పాడవుతుందా?"

"బటన్‌కేం కాదు సార్."

"మరింకేం!"

ఫొటోగ్రాఫర్ల సమక్షంలో మంత్రిగారు స్వహస్తాలతో బగ్గులన్నీ మూసేశారు. మధ్యలో వేలు నొప్పి పుడితే కార్యదర్శి నిమిరి పెట్టారు. ప్రజాసేవలో అంతగా అరిగిన వేలు మరొకటి లేదు. పనిలో పనిగా ఒక నియమం కూడా పెట్టారు: ఇకపై ఎవరైనా బగ్గు ఉందంటే, దాన్ని మంత్రిగారి కళ్ళముందు మళ్ళీ జరిపించి చూపాలి.

మూసినవాటిలో ఒకటి అక్క సొంత తమ్ముడు పెట్టింది. అతను ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే తాత్కాలిక ఉద్యోగి. బరువైన రోగి ఎక్కితే అక్కడి లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగిపోతుంది. పాపం, అలాంటి రోగుల్ని మెట్లమీదే మోసేవాడు. బగ్గు మూసిన సాయంత్రమే మెమో వచ్చింది: "లిఫ్టులో ఏ లోపమూ లేదని తేలినందున, మెట్లు వాడిన నిన్ను ఎందుకు తొలగించరాదు?"

"అక్కా, ఉద్యోగం ఊడేట్టుంది. ఏదో ఒకటి చెయ్యవే!"

"దాన్ని సరిచేసే కోడు ఎప్పుడో వచ్చిందిరా. కలపాలంటే బగ్గు తెరిచి ఉండాలి. పద, ఆయనకే చూపిద్దాం."

మంత్రిగారు ఆసుపత్రికి దయచేశారు. తీరా చూస్తే ఆ పూట బరువైన రోగి దొరకలేదు.

"మీరే స్ట్రెచర్ మీద పడుకుంటే సరి సార్," అంది అక్క వినయంగా. "మీకున్నంత బరువు ఇంకెవరికుంది?"

"ప్రజల కోసం పడుకోవడం నాకు కొత్తా!" అంటూ ఆయన మేను వాల్చారు. తమ్ముడు తోశాడు. లిఫ్టు కదిలింది, ఎక్కింది, ఆగింది. మెట్లెక్కి వచ్చిన అక్క మూడో అంతస్తు తలుపు బయట చెవి ఒగ్గింది.

"ఆగిందా?" లోపల్నుంచి మంత్రిగారి గొంతు.

"ఆగింది సార్. బగ్గు ఉన్నట్టేనా?"

"నేను మూసింది ఎలా ఉంటుందిరా?"

"అయితే లిఫ్టు కదులుతున్నట్టేనా సార్?"

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. రాజకీయాల్లోకి వచ్చాక అంత లోతుగా ఆలోచించడం అదే మొదలు.

మెకానిక్ వచ్చి గునపంతో తలుపు విడదీశాడు. తమ్ముడు మంత్రిగారిని భుజాన వేసుకుని మెట్లు దిగాడు. "నీ మేలు ఈ జన్మలో మరవను నాయనా!" అన్నారాయన కళ్ళనీళ్ళతో.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది: "లిఫ్టు మధ్యలో ఆగడం బగ్గు కాదు. రోగికి విశ్రాంతి కల్పించే సదుపాయం. విశ్రాంతి అనంతరం రోగుల్ని మెట్లమీద దించడానికి శాశ్వత ఉద్యోగులు నియమితులవుతారు."

అక్కకు ఒళ్ళు మండింది. నియమం లేదు గియమం లేదనుకుని బగ్గు తనే తెరిచింది. కోడు కలిపే బటన్ మీద వేలు పెట్టింది. ఫోన్ మోగింది.

"అక్కా! శాశ్వత ఉద్యోగం మొట్టమొదట నాకే వచ్చింది! మెమో కూడా చింపేశారు. ఆ కోడు గానీ కలిపేశావా ఏంటి కొంపదీసి?"

"ఇంకా లేదురా."

"నీకు దండం పెడతా, కలపకే!"

అక్క బటన్ మీంచి వేలు తీసింది. తర్వాత బగ్గు మూసేసి, కారణం దగ్గర "సదుపాయం" అని రాసింది.

ఒక్క మాట. మెట్లమీద మంత్రిగారు మేలు మరవనన్నారని రాశానే, అది నేను కలిపిందే. ఆయన అడిగింది, కింద ఫొటోగ్రాఫర్లు ఉన్నారా అని.