చెప్పుల పక్కన తుపాకీ సంచులు

ప్రజాస్వామ్యంలో అడుగుపెట్టబోయే ప్రతి పౌరుడికీ అత్యవసరంగా కావలసింది చక్కటి తోలు తుపాకీ సంచి! ఈ మహాసత్యాన్ని మా ఊరు వెరులంలో మొట్టమొదట కనిపెట్టినవాణ్ని నేనే.

దేశంలో తెల్లవాళ్లకే కాక నల్లవాళ్లతో సహా అందరికీ ఓటు రావడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. ఏమవుతుందోనని జనం కొవ్వొత్తులూ చేపల డబ్బాలూ కొని దాచుకుంటున్నారు. నేను పగలు బడిలో భూగోళం చెప్పి, సాయంత్రం గరాజ్‌లో సరదాకి తోలు కుట్టేవాణ్ని. మొదటి తుపాకీ సంచి నాకే కుట్టుకున్నాను. టపాకాయ పేలితే మంచం కిందికి దూరే మనిషికి తుపాకీ ఎక్కడిది? ఆకారం నిలవడానికి లోపల చెక్కముక్క దూర్చాను. దాన్ని చంకన పెట్టుకుని వీధిలోకి వెళ్లానో లేదో, నన్ను మా వీధి రాత్రి కాపలాకి పెట్టుకున్న గస్తీ దళానికి కెప్టెన్‌ని చేసేశారు!

మీటింగుల్లో కుర్చీ నాకే, మొదటి టీ నాకే. మా ఆవిడ డోరీన్ నా తుపాకీని నమ్ముకుని హాయిగా గురకపెట్టేది. నాకే నిద్ర లేదు. గుట్టు బయటపడితే ఏ మొహం పెట్టుకుని తిరగను?

ఇంతలో పక్కింటి ప్రెగ్గీ వచ్చాడు.

"కిస్టెన్ బావా, నాకు కూడా ఒకటి కుట్టు. లానీగా ఉండాలి, దొరలు పట్టుకునే టైపు."

"తుపాకీ తీసుకురా, కొలత చూస్తాను."

"ఎందుకు బావా? నీదాని సైజే వెయ్యి."

తర్వాత వీధి వీధంతా అదే మాట. నా చెక్కముక్క కొలతకే అందరి సంచులూ కుట్టాను. ఇంతమంది వీరుల మధ్య నేనొక్కణ్నే దొంగనని లోలోపల కుమిలిపోయాను.

దసరా వచ్చింది. ఆయుధపూజకి దళమంతా సంచులతో గుడికి కదిలాం. గుమ్మంలో పూజారి సూరయ్య తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏయ్! ఆవు తోలు అమ్మోరి ముందరికి తెస్తారా? సంచీలు చెప్పుల కాడ ఎట్టండి. గన్ తీసి లోపల తేండి. ముందు కెప్టెన్!"

నేను సంచిని చంకలో ఇంకాస్త గట్టిగా నొక్కిపట్టుకున్నాను.

"నాకేం తొందర తాతా! చిన్నవాడు, ముందు ప్రెగ్గీని తియ్యనివ్వు," అన్నాను ఉదారంగా.

"నాది ఇంట్లో సేఫ్‌లో ఉంది బావా," అన్నాడు ప్రెగ్గీ.

"నాది రిపేర్‌లో ఉంది."

"నా లైసెన్స్ ఇంకా రాలేదు."

ఒకరి సంచి వంక ఒకరం చూసుకున్నాం. ఒక్కడూ నవ్వలేదు! నవ్వినవాడి సంచే ముందు విప్పిస్తారు మరి. అందరికందరూ నాలాంటివాళ్లేనని తెలిసి, సిగ్గుపడాల్సింది పోయి, నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయ్యో, వీళ్లనా నమ్ముకుని పడుకున్నాను!" మా వెనకే గుడికొచ్చిన డోరీన్ తల కొట్టుకుంది. "తాతా, గుడి వంటింట్లో గుమ్మడికాయ కోసే కత్తి ఉంది కదా, దానికి బొట్టు పెట్టు."

ఆ ఏడు అమ్మవారి ముందు పూజలందుకున్న ఏకైక ఆయుధం అదే.

దీంతో నా సరదాకి మంగళం పాడినట్టేననుకున్నాను. మర్నాడు పొద్దున్న చూస్తే, సంచులు పట్టుకుని దళమంతా గరాజ్ ముందు నిలబడి ఉంది!

"బావా, దీనికి తాళం బిగించు," అన్నాడు ప్రెగ్గీ. "ఈసారి అడిగితే, తాళంచెవి ఇంట్లో ఉందని చెప్పొచ్చు."

"వరసలో నిలబడండి," అన్నాను కెప్టెన్ హోదాలో. "ముందు నాదానికి బిగించుకోనివ్వండి!"